గడప దాటిన కంబళి

1. విత్తనం కాయలు ఒలిచిన రోజు

గోడకు చెప్పమన్నారు. గోడలో మర ఉంది, మనం చెప్పింది విని దాచుకుంటుంది. నాకు గోడతో మాట్లాడాలంటే సిగ్గు. మనుషులతోనే సరిగ్గా మాట్లాడలేను. అందుకని డాక్టరమ్మను కాగితం అడిగాను.

పర్వీన్ డాక్టరమ్మ ఇక్కడి జీవాలకు వైద్యం చేస్తుంది. "జీవమున్న ప్రతి ఇల్లూ దాని సంగతులు చెప్పాల తాతా. ఏం తినింది, ఎట్లుంది, కొత్తగా ఏమన్నా చేసిందా. నీకు నోరు రాకపోతే రాసియ్యి," అంది. నాకు వానాకాలం చదువు. తప్పులుంటే దిద్దుకోమ్మా అన్నాను. సరేనంది.

మా జీవం పిల్లి. కొర్రగింజ రంగులో ఉంటుందని కొర్రి అని పిలుస్తాం. ఇంట్లో నేను, మా అక్క ఈరమ్మ, కొర్రి. అంతే.

అంగారకుడి మీద నీళ్ళు లేకుండా సేద్యం చేయగలిగిన వాళ్ళు కావాలని ఎవరో అన్నారట. అయితే అనంతపురం వాళ్ళకు అలవాటేనని ఇంకెవరో అన్నారట. అట్లా వచ్చాం. గాజు కప్పు కింద వేరుశనగ, కొర్ర పండిస్తాం. ముందొచ్చిన ఓడలో విత్తనం మూటలతోబాటు ఎలుకలు దిగాయి. అందుకని మా ఓడలో పిల్లుల్ని ఎక్కించారు. కొర్రి ఆ ఓడలోనే పుట్టింది. దాని తల్లి ఓడంతా వెతికి వెతికి, చివరికి నా కంబళి మీద ఈనింది. అప్పుడు నాకు సగం తల నెరిసింది. ఇప్పుడు మొత్తం.

సంగతులు రాయమన్నారు కదా, రాస్తాను. నేను చేను నుంచి వచ్చేసరికి కొర్రి వాకిట్లో ఉంటుంది. కుక్కలాగా ఎగబడదు. తోక కర్రలాగా నిలబెట్టి, కొస కొంచెం వంచి వస్తుంది. నుదురు నా పిక్కకేసి ఢీకొడుతుంది, పొట్టేలు ఢీకొట్టినట్టే గానీ మెత్తగా. తర్వాత బుగ్గ రుద్దుతుంది. తర్వాత ఒళ్ళంతా ఆనించుకుంటూ పోతుంది. అది అయ్యాక నాకు వీపు చూపించి కూర్చుంటుంది.

"కూడు పెట్టేవాళ్ళకు వీపు చూపిచ్చే జీవం ఇదొకటే. మర్యాద ల్యా, ఏమీ ల్యా," అంటుంది అక్క.

పడుకుంటే నా పొట్ట మీదికెక్కి ముందుకాళ్ళతో పిండి పిసికినట్టు పిసుకుతుంది. దూరంగా ఉన్నప్పుడు నన్ను చూసి మెల్లగా కళ్ళు మూసి మెల్లగా తెరుస్తుంది. నేనూ అట్లాగే చేస్తాను. ఒకసారి అక్క చూసింది. "ఏం రా కరియా, ఇద్దురూ తూగుతాండారా?" అంది.

ఇంతకంటే రాయడానికి లేదు. బాగా తింటుంది.

2. మొలక కనిపించిన రోజు

ఇంటింటికీ ఆవిరిగడప పెట్టారు. వాకిలి చట్రంలో నిలబడితే చాలు, నాలుగు వైపులా పొడి ఆవిరి కొడుతుంది. తడి తగలదు. దుమ్ము, చెమట అన్నీ పోతాయి. ఇక్కడి ఎర్రదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. స్నానాల నీళ్ళు మిగిలి చేనుకు పారతాయి. మంచి పనే.

మా వాళ్ళకు ఎక్కడలేని సంబరం. కాళ్ళు కడుక్కోకుండా లోపలికొస్తే ఊరుకోని ఇళ్ళు మావి. ఇక్కడికొచ్చాక నీళ్ళు లేక ఆ అలవాటు చంపుకున్నాం. ఇప్పుడు గడపే కడుగుతోంది.

ఊరి పెత్తనం చూసే ఓబుళేసు ఇల్లిల్లూ తిరిగి చూపించాడు. వరసకు అల్లుడవుతాడు. "గొర్ల మందలో పండుకోని వచ్చినా పెండ్లికొడుకు మాదిరి అయితావు మామా," అన్నాడు.

అక్క గడపకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆవిరి వచ్చి తుడిచేసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ తుడిచేసింది. "ఇది నాకంటే మొండిది రా," అని గడపకు దండం పెట్టి ఊరుకుంది.

సాయంత్రం నేను గడపలో నిలబడి లోపలికొచ్చాను. కొర్రి తోకెత్తి వచ్చింది. నా దగ్గరికి వచ్చి ఆగింది. ముక్కు అదిరింది. తోక దించేసింది. తర్వాత నా వెనక చూసింది, నేను ఇంకా రావాల్సి ఉన్నట్టు.

3. మొదటి కలుపు

కొర్రి నా దగ్గరికి రావడం లేదు. గంటె చప్పుడైతే వస్తుంది గానీ, నేను పక్కనుంటే తినదు. నేను పక్కకు పోతే రెండు మెతుకులు కొరికి వదిలేస్తుంది. కాళ్ళు ముడుచుకుని అటక మీద కూర్చుంటుంది. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి అక్కడికి ఒక్క దూకుకే పోతుంది. నేను చేయి చాపితే బుస్సుమంది. దాని బతుకులో అదే మొదటిసారి. నా బతుకులో కూడా.

"దిష్టి తగిలిండాది," అంది అక్క. "ఓబుళేసు పెండ్లాం మొన్న చూసి, ఎంత నిగనిగలాడతాండాదో అనింది. ఆ నోరు నాకు తెల్వదా?"

ఉప్పూ, మిరపకాయలూ తీసుకుని అటక కింద నిలబడి దిష్టి తీసింది. నిప్పు లేదు కాబట్టి వంటపెనం మీదే వేసింది. పెనం మీద మిరపకాయలు మాడిన ఘాటు గాలిగొట్టాల్లోకి పోయింది. ఊరంతా గంటలు మోగాయి. మంటలంటుకున్నాయని జనం మొహాలకు తొడుగులు తగిలించుకుని బయటికొచ్చారు. ఓబుళేసు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎవురత్తా ఇది? గాలి ఆగిపోయుంటే ఊరు ఊరంతా పోయుంటుంది గదా!"

"పోతే పోయింది గానీ ఘాటు చూసినావా?" అంది అక్క. "దిష్టి ల్యాకపోతే అంత ఘాటు రాదు. మీ ఇంటాడిదాన్ని అడుగు."

ఘాటు వస్తేనే దిష్టి లేనట్టు కదా అని నాకు గుర్తొచ్చింది. చెప్పలేదు.

కొర్రి ఇంకా పై మూలకు పోయింది.

4. గుంటక తోలిన రోజు

డాక్టరమ్మ వచ్చి కొర్రిని చూసింది. గుడ్డలో చుట్టి పట్టుకోవాల్సి వచ్చింది. కళ్ళు, పళ్ళు, పొట్ట, రక్తం అన్నీ చూసింది. "జబ్బేం లేదు తాతా. ఎందుకో భయపడుతోంది. నాకు తెలీడం లేదు," అంది. తెలియదని చెప్పే డాక్టరంటే నాకు గౌరవం.

మిగతా ఇళ్ళలోనూ ఇదే తంతు. ఒకరి పిల్లి విత్తనాల కొట్టులోంచి బయటికి రావడం లేదు. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లులు, నిన్నటిదాకా ఒకదాన్నొకటి నాక్కునేవి, రక్తాలు కారేలా కొట్టుకున్నాయట. ఓబుళేసు కూతురు వాళ్ళ పిల్లిని ఎప్పటిలాగే ఎత్తుకోబోతే మొహం మీద గీరింది. కంటికి వెంట్రుకవాసిలో తప్పింది.

కొర్రికి ఎర్రదుమ్ము పట్టిందేమోనని అక్క అంది. నాకూ నిజమే అనిపించింది. రోజూ సాయంత్రం దాన్ని పట్టుకుని గడపలో నిలబడుతున్నాను. బాగా ఆవిరి పట్టిస్తున్నాను. అది అరిచే అరుపు వినలేకపోతున్నాను. అయినా మంచికే కదా అని పట్టిస్తున్నాను.

పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి.

5. పూత

చేనంతా పసుప్పచ్చగా ఉంది. సంతోషపడాల్సిన రోజు.

ఊరి సమావేశం పెట్టారు. ఓబుళేసు మాట్లాడాడు. సరుకుల బండి వచ్చినప్పుడు పిల్లులన్నింటినీ చలిపెట్టెల్లో నిద్రపుచ్చి పెద్ద ఊరికి పంపించేయాలి. అక్కడ వాటిని అట్లాగే పడుకోబెట్టి ఉంచుతారు.

"నాకు పిల్లుల మీద పగ ల్యాదప్పా," అన్నాడు. "నా బిడ్డ కన్ను పోయుంటే ఎవురిస్తారు?"

నేను తండ్రినైనా అదే అంటాను.

డాక్టరమ్మ లేచింది. "వయసు పైబడిన పిల్లులకు చలిపెట్టె మంచిది కాదు. పడుకుంటాయి. లేపితే లేస్తాయని నేను చెప్పలేను," అంది. అంటూ నా వైపు చూసింది. ఊళ్ళో వయసు పైబడిన పిల్లి కొర్రే.

నేను చెయ్యెత్తాను. అందరూ నా వైపు తిరిగారు. నేను తల గోక్కున్నాను.

ఇంటికొస్తుంటే అక్క దారి పొడుగునా తిట్టింది. "నోరుండాది గదరా, కూటికేనా?"

6. వేరుశనగ ఊడలు దిగబోయే ముందు

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

వేరుశనగ కాయలు వేయించుకుని కూర్చున్నాం, నేను, అక్క. డాక్టరమ్మ కొర్రిని చూడ్డానికి వచ్చి, ఏం చేయాలో తోచక తనూ కూర్చుని కాయలు ఒలుస్తోంది. అక్క నోరు ఊరికే ఉండదు. చిన్నప్పటి ముచ్చట ఎత్తుకుంది. మాది గొర్రెలు కాసే ఇల్లు.

"నాకు అప్పుడు ఇంత వయసుంటాదేమో డాక్టరమ్మా. కొత్తగా ఈనిన గొర్రెపిల్ల జిగటజిగటగా ఉంటే, పాపమని కుంకుడుకాయ పెట్టి తెల్లగా రుద్ది కడిగినా. ఎంత ముద్దుగా అయ్యిందో! తీస్కపోయి తల్లి కాడ ఇడిస్తే, తల్లి మొగం చూసింది, ముక్కుతో ఒక్క తోపు తోసింది. పాలియ్యల్యా. మా నాయన నాకు వీపు వాయగొట్టి, ఆ గొర్రె ఒంటి కంపంతా చేత్తో తీసి పిల్లకు పూసినాడు. అప్పుడు గానీ దగ్గరికి రానియ్యల్యా."

కాయ ఒలుస్తున్న నా చేయి ఆగింది. డాక్టరమ్మ చేయి కూడా ఆగింది. ఇద్దరం ఒకేసారి గడప వైపు చూశాం.

"ఏంది, ఎవురన్నా వచ్చిరా?" అంది అక్క.

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "తాతా, కొర్రి నీకు తల రుద్దేది ఊరికే ముద్దు కోసం కాదు. పిల్లికి బుగ్గల్లో, నుదుటి మీద వాసన ఊరుతుంది. మన ముక్కుకు తెలీదు. రోజూ ఆ వాసన నీకు పూసి, 'ఈ మనిషి మా ఇంటివాడు' అని గుర్తు పెట్టుకుంటుంది. ఇంటికి పూస్తుంది, మంచానికి పూస్తుంది. ఈ గడప రోజూ అంతా తుడిచేస్తోంది. నాకివన్నీ తెలిసిన సంగతులే. గడపతో కలిపి ఆలోచించనే లేదు. గడప పెట్టొచ్చని సంతకం పెట్టినదాన్ని కూడా నేనే."

"నేనేమో రోజూ పట్టుకోని దానికి కూడా ఆవిరి పట్టిస్తి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. దాని వాసన దానికే లేకుండా చేశాను. ఎవరో తెలియని వాడు వచ్చి రోజూ పట్టుకుని ఒళ్ళు తుడిచేస్తుంటే బుస్సుమనదా?

"అందుకే నా ఎనక చూసింది," అన్నాను.

"ఎవురు?" అంది అక్క.

డాక్టరమ్మ అప్పుడే ఓబుళేసుకు కబురు పంపింది. అతను వచ్చి శ్రద్ధగా విన్నాడు. గడపలు గాలిగొట్టాలతో ముడిపడి ఉన్నాయట. మార్చాలంటే పెద్ద ఊరు ఒప్పుకోవాలట. "మా అత్త గొర్రెపిల్లను కడిగిందంటే వాళ్ళు ఒప్పుకోరు గదా డాక్టరమ్మా. ఒక్క పిల్లిని మళ్ళా మామూలుగా చేసి చూపియ్యండి. నేనే రాస్తా. బండి వచ్చేలోపల కావల్ల. కాకపోతే నా చేతిలో ల్యాదు," అన్నాడు.

న్యాయమైన మాట.

నాకు నా కంబళి గుర్తొచ్చింది. దిగిన రోజునే తీసేసుకున్నారు, బొచ్చు రాలి గాలిజల్లెడలు మూసుకుపోతాయని. గట్టిగా మూట కట్టి సామాన్ల కొట్టులో పెట్టారు. మా కంబళ్ళు ఉతకరు. కొర్రి దాని మీదే పుట్టింది. దానికి తెలిసిన నేను, ఆ మూటలో ఉన్నాను.

రేపు తెచ్చుకోవచ్చన్నాడు ఓబుళేసు. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకు.

7. అదే వారం

కంబళి తెచ్చుకున్నాను. కొట్టులో మూట విప్పి మొహం పెట్టాను. గొర్రెలు, వాన, పొగ, మా నాయన కూడా కొంచెం ఉన్నాడనిపించింది. భుజాన వేసుకుని దారంతా గబగబా వచ్చాను. కొర్రీ కొర్రీ అనుకుంటూ వచ్చాను.

వాకిట్లోకొచ్చి, అలవాటుగా, గడపలో నిలబడ్డాను.

ఆవిరి ఆగాక గానీ తెలియలేదు.

అక్క ఎదురొచ్చి చూసింది. ఒక్క మాట కూడా తిట్టలేదు. అక్క తిట్టకపోవడం ఎప్పుడూ చూడలేదు. కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలని నాకు నేర్పింది అక్కే. మా అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే.

మళ్ళీ మొహం పెట్టి చూశాను. ఉన్ని మాత్రం ఉంది.

8. ఊడలు దిగిన రోజు

వేరుశనగ పూలు రాలాక ఊడలు భూమి వైపు వంగి మట్టిలోకి దిగుతాయి. కాయ అక్కడే కడుతుంది. ఎవరికీ కనిపించదు. పైన చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది.

డాక్టరమ్మ వచ్చి నేల మీద నా పక్కన కూర్చుంది. కంబళిని చేత్తో తడిమింది. "తాతా, పాతది పోయింది. కొత్తది చేయలేమా?" అంది.

"యట్ల?"

"గడప దాటకుండా ఉంటే."

అదే పని చేస్తున్నాం. చేనులో పనిముట్ల కొట్టం ఉంది. చేనుకీ కొట్టానికీ మధ్య ఆవిరి లేదు. అక్కడి మట్టి కడిగిన మట్టి, ఊపిరికి భయం లేదు. కంబళి కప్పుకుని కొట్టంలోనే ఉంటాను. చేనులో పని చేస్తాను, చెమట పడతాను, తుడుచుకోను, స్నానం లేదు. కొర్రి నా పక్కన పంజరంలో ఉంటుంది, తలుపు తెరిచి. పోదల్చుకుంటే పోవచ్చు.

కొర్రిని పట్టుకుని గడప దాటాను. ఇద్దరికీ చివరి ఆవిరి. ఇద్దరమూ ఒకరికొకరు ఎవరో తెలియని వాళ్ళలా కొట్టంలో దిగాం. పంజరం మూలకు పోయి నాకు ఎదురుగా తిరిగి కూర్చుంది. నన్ను చూస్తూనే ఉంది. పరాయివాణ్ణి అట్లాగే చూడాలి.

9. కొట్టంలో

అక్క కూడు తెస్తుంది. వాసన మొదలైంది. అక్క ముక్కు మూసుకుంది.

"థూ, ఏం కంపు రా ఇది! మా నాయన పొట్టేలు నయం."

"అక్కా, దూరంగా నిలబడు. నీకు గడప వాసన. అంటే వాసనే ల్యాదు. కొర్రి బెదురుతాది."

"ఇంగ నా వల్ల పిల్లి బెదురుతాదంటనా! బాగుండాది." దూరంగానే పెట్టి పోయింది.

చేనులో పని చేసే వాళ్ళు నేను వస్తుంటే సాలు మారుతున్నారు. ఎవరూ ఏమీ అనరు, పెద్దవాణ్ణని. అనకపోవడమే సిగ్గుగా ఉంది. ఊళ్ళో అందరూ కడిగిన గిన్నెల్లా ఉంటారు, నేనొక్కణ్ణి మసిబట్టలా.

కొర్రి కొంచెం నీళ్ళు తాగింది.

10. కొట్టంలోనే

నేను కాయ ఒలుస్తూ తల తిప్పి చూస్తే కొర్రి మెల్లగా కళ్ళు మూసింది. తెరిచింది.

నేనూ మూశాను. తెరవడానికి భయపడ్డాను, చూడకుండా పోతుందేమోనని. తెరిచాను. అక్కడే ఉంది.

ఈ ముక్క రాయడానికే ఈ రోజు కాగితం తీశాను.

11. కొట్టంలోనే

అక్క కూడు తెచ్చి, పోకుండా కూర్చుంది. చాప తెచ్చుకుంది.

"ఇంట్లో ఒక్కదాన్నే ఏం చెయ్యల్ల? గోడతో మాట్లాడితే అది ఊ కూడా కొట్టదు. నేనూ ఈడనే ఉంటా. కంపు కొడితే ఇద్దురం కొడతాం."

"నీకు నడుము నొప్పి గదక్కా."

"గమ్మునుండు."

కొర్రి పంజరంలోంచి బయటికొచ్చింది. కంబళి కొసను వాసన చూసింది. కొట్టం గుంజను వాసన చూసింది. గుంజకు బుగ్గ రుద్దింది. మళ్ళీ రుద్దింది. నాకు కాదు, గుంజకు. అయినా అక్క నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

తర్వాత గిన్నెలో పెట్టిందంతా తినేసింది. నేను పక్కనుండగానే.

12. బండి వచ్చిన రోజు

సరుకుల బండి పొద్దున్నే వస్తుందన్నారు. దుమ్ముగాలి లేచి ఆలస్యమైంది. ఓబుళేసు చలిపెట్టె ఒకటి మోయించుకుని కొట్టానికి వచ్చాడు. డాక్టరమ్మ అతని వెనకే వచ్చింది. ఇద్దరి దగ్గరా ఏ వాసనా లేదు.

కొర్రి వాళ్ళను చూసి నా వెనక దూరింది. అదీ నాకు సంతోషమే, దూరింది నా వెనకే కదా.

"ఏది మామా, చూపియ్యి."

ఏం చూపించాలి? పిల్లి చెబితే చేస్తుందా? ఓబుళేసు కాసేపు నిలబడ్డాడు. బండి ఇంకా రాలేదు. రాత్రంతా బండి కోసం మేలుకున్న మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూర్చోవడానికి చోటు చూశాడు. నేను కంబళి సగం విప్పి పరిచాను. ఒక్క క్షణం ముక్కు ముడుచుకుని, తర్వాత కూర్చున్నాడు. అక్క వేయించిన కాయలు అతని ఒళ్ళో పోసింది.

"మాయమ్మ చెప్పేది ఇట్లే," అన్నాడు కాయ ఒలుస్తూ. "మీ ఇండ్లల్లోకి వస్తే ముందు కంబళి పరుస్తారంట గదా. దాని మీద కూచోబెట్టినాక ఇంగ పరాయివాడు కాదంట."

"చలిపెట్టె మోయించుకోనొచ్చి కంబళి మీద కూచున్నోడిని మాత్రం మొదటిసారి చూస్తాండా," అంది అక్క.

"అత్తా..."

"తిను, తిను. నీ బిడ్డ కన్ను బాగుండాదా?"

"గాయం మానిపోయిండాది." ఇంకో కాయ ఒలిచి అన్నాడు, "పిల్లి కావల్లనే ఏడుస్తాంది అది కూడా."

అప్పుడు కొర్రి నా వెనకనుంచి ముందుకొచ్చింది. అందరి మధ్యా నిలబడి ఆవులించింది. మా అందరికీ వీపు చూపించి కూర్చుంది.

ఓబుళేసు ముఖం చిన్నబోయింది. "మొగం కూడా చూపీడంల్యా. ఏం చెయ్యమంటావు మామా?"

నేను నోరు తెరిచేలోగా అక్క అందుకుంది. "ఒరే పిచ్చోడా! భయమున్నోడు వీపు చూపిస్తాడా? నమ్మినోళ్ళకే వీపు చూపించేది. మేమెవురమూ దాన్ని ఏమీ చెయ్యమని దానికి ఎరుకైంది!"

ఇన్నేళ్ళూ మర్యాద లేదని తిట్టింది అక్కే. నేను అక్క వైపు చూశాను. అక్క అటు తిరిగింది.

"నిజమే," అంది డాక్టరమ్మ. "ఇన్ని రోజులూ గోడకు వీపు ఆనించి మనల్నే చూసేది."

కొర్రి లేచింది. తోక నిలబెట్టింది. కొస కొంచెం వంగింది. నా దగ్గరికి వచ్చి, నా పిక్కకేసి నుదురు కొట్టింది.

ఎంత గట్టిగా కొట్టిందంటే ఎముకకు తగిలింది. తర్వాత బుగ్గ రుద్దింది, తర్వాత ఒళ్ళంతా. తిరిగొచ్చి ఇంకో పక్క రుద్దింది. నేను కదల్లేదు. కంట్లో దుమ్ము పడిందని చెప్పొచ్చు, ఇక్కడ దుమ్ముకు కొదవ లేదు కాబట్టి.

ఆ తర్వాతది ఎవరమూ అనుకోలేదు. కంబళి మీద కూర్చున్న ఓబుళేసును మోకాళ్ళ దాకా వాసన చూసింది. అతను బిగుసుకుపోయాడు, ఊపిరి కూడా తీయలేదు. కొర్రి అతని మోకాలికి కూడా బుగ్గ రుద్దేసింది, పని ఒకేసారి అయిపోతుందన్నట్టు.

"ఏందిది మామా?" అన్నాడు మెల్లగా.

ఈసారి నాకు మాట వచ్చింది. "నీక్కూడా పూసింది," అన్నాను.

ఓబుళేసు మోకాలు తడిమి చూసుకున్నాడు. బండి వచ్చిన కూత వినిపించింది. లేచాడు. చలిపెట్టె మోసుకొచ్చిన వాళ్ళతో, "ఖాళీదే తీస్కపోండప్పా," అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "ఇప్పుడే గడప దాటను. పాపకు ఇట్లనే చూపిస్తా," అని నవ్వాడు.

అక్క కాళ్ళు చాపుకుని కంబళి మీదే కూలబడింది. "అబ్బా, ఇంగ నడుము వాల్చొచ్చు," అంది.

13. కాయ పీకిన రోజు

పంట బాగా వచ్చింది. మట్టిలోంచి చెట్టు పీకితే గుత్తులు గుత్తులుగా కాయ. ఇన్నాళ్ళూ లోపల ఇంత జరిగిందా అనిపిస్తుంది.

పెద్ద ఊరు ఒప్పుకుంది. డాక్టరమ్మ, ఓబుళేసు కలిసి రాశారు. ఆవిరిగడప ఉంటుంది, మనుషులకు. దాని పక్కన గోడలో కింద చిన్న కన్నం పెట్టారు, పిల్లికి. దాంట్లో ఆవిరి లేదు. ప్రతి వాకిట్లోనూ బయట ఒక మేకు కొట్టారు. లోపలికి పోయేముందు భుజం మీది తువ్వాలో, పైటకొంగు గుడ్డో ఆ మేకుకు తగిలించాలి. అది కడగకూడదు. పిల్లులు కిందినుంచి పోతూ దానికి బుగ్గ రుద్దుతున్నాయి. కొన్ని ఇళ్ళలో ఇంకా కుదుటపడలేదు, పడతాయంటుంది డాక్టరమ్మ. కొట్టుకున్న ఆ రెండు పిల్లులూ నిన్న ఒకే గంపలో పడుకున్నాయట.

మా మేకుకు నా కంబళి వేలాడుతోంది. మేకు చుట్టూ అక్క పసుపు రాసింది. గడపకు బయట కాబట్టి పోవడం లేదు. రోజూ చూసుకుని మురిసిపోతోంది.

నేను మళ్ళీ ఇంట్లో పడుకుంటున్నాను. అందరిలాగే శుభ్రంగా ఉన్నాను. ఒంటికి అదీ హాయిగానే ఉంది.

ఈ రోజు కంబళి మేకుకు తగిలించి గడపలో నిలబడ్డాను. ఆవిరి కొట్టింది. నా ఒంటి మీద ఏమీ మిగలలేదు. గడప పెట్టిన మొదటి రోజు లాంటి మనిషినే లోపలికి అడుగుపెట్టాను.

కొర్రి ఎదురుగా కూర్చుని ఉంది. లేచింది. ముక్కు అదిరింది. నా వెనక చూడలేదు. తోకెత్తి, నేరుగా వచ్చి, కడిగిన నా కాళ్ళకు తన నుదురు ఆనించి, మొదటినుంచీ మొదలుపెట్టింది.

బాగా తింటోంది.